మేకు కొట్టనివ్వని గోడ

కారు అమ్మేశానని మా ఆయనకి అబద్ధం చెప్పిన పూట కోడికూర అద్భుతంగా కుదిరింది. వెనిగరు, సోయా, వెల్లుల్లి, మిరియాలు, ఏదీ ఎక్కువ కాలేదు, ఏదీ తక్కువ కాలేదు. అప్పుడే నాకు భయం మొదలైంది. నా వంట కుదిరిందంటే ఇంకేదో చెడబోతోందని లెక్క.

"స్టాక్టన్‌లో మా పిన్ని మనవడికి ఇచ్చేశాను," అన్నాను గరిటె వంకే చూస్తూ.

"మంచిది," అన్నాడు.

"అంతేనా? మనబ్బాయి కారయ్యా అది! ఏమీ అనిపించలేదా నీకు?"

"కూర బాగుంది," అన్నాడు.

మా ఆయన పేరు సెలెస్తినో. మేం ఫిలిప్పీన్స్ వాళ్ళం ఎవరినీ పూర్తి పేరుతో పిలవం, నోరు నొప్పి. అందరూ "తినోయ్" అంటారు. పిలిచినట్టూ ఉంటుంది, వడ్డించినట్టూ ఉంటుంది. ఆయన రెండింటికీ పలుకుతాడు.

నా పేరు రెమెదియోస్. రెమీ అంటారు. ఆ పేరుకి మందులు అని అర్థం. ఊళ్ళో అందరి రోగాలకీ నా పేరే ఉంది గానీ నా భయానికి మాత్రం మందు లేదు.

నాకు భయం లేనిది లేదు. లిఫ్టు ఆగిపోతుందని భయం, ఆగకుండా పైకప్పు దాటి పోతుందేమోనని ఇంకా భయం. ఫోను మోగితే భయం. మోగకపోతే, ఎవరికేమైందో నాకు చెప్పడం లేదని భయం. ఏడో తరగతిలో బడి మానేసింది కూడా తర్వాతి తరగతి గది బావి పక్కన ఉందనే.

మాకు ఒక్కడే కొడుకు. మా ఆచారం ప్రకారం ఇద్దరి పేర్లూ కలిపి రెమ్‌సెల్ అని పెట్టుకున్నాం. బళ్ళో చేర్చిన రోజు టీచరమ్మ కాగితం చూసి, "ఇది రోజుకి ఎన్నిసార్లు వెయ్యాలి?" అని అడిగింది. ఇంటికొచ్చి వాడు మూడు రోజులు నవ్వాడు.

పెద్దయ్యాక వాళ్ళ నాన్నతోపాటే వల్లెహో ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. ఇళ్ళు కట్టే ఫ్యాక్టరీ. మీరు విన్నది నిజమే, ఇళ్ళే. పెద్ద షెడ్డులో ఒక్కో గదినీ పెట్టెలాగా తయారుచేస్తారు. గోడలు, కిటికీలు, పంపులు, చివరికి సబ్బు పెట్టుకునే అర కూడా బిగించి లారీకి ఎక్కిస్తారు. కట్టాల్సిన చోట క్రేనుతో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. తినోయ్ స్నానాలగదుల్లో పలకలు అతికేవాడు. వాడు గోడలు బిగించేవాడు.

రోజూ పొద్దున్న గుమ్మంలో నిలబడి చెప్పేదాన్ని. "ఒరేయ్, మరలు గట్టిగా తిప్పు. ఏ తల్లి పడుకుంటుందో అందులో."

"తిప్పుతానమ్మా."

"కారు మెల్లిగా నడుపు."

"నడుపుతానమ్మా."

ఆ ఎర్ర కారంటే నాకు చచ్చేంత భయం. వాడు కొనుక్కున్న రోజు నుంచి రోజూ వాడిని ఆ కారులో నా మనసులోనే వందసార్లు గుద్దించాను. లారీకి, చెట్టుకి, వంతెనకి. కారు మీద ఒక్క గీత పడలేదు.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో, మధ్యాహ్నం అన్నం తిని ఫ్యాక్టరీ బల్ల మీద కూర్చున్నాడు. "తలనొప్పిగా ఉంది నాన్నా," అన్నాడట. మళ్ళీ లేవలేదు. తలలో ఏదో నరం చిట్లిందన్నారు. ఇరవై మూడేళ్ళు. అన్నిటికీ భయపడ్డాను గానీ తలనొప్పికి భయపడలేదు. ఆ ఒక్కటీ నా జాబితాలో లేదు.

ఇద్దరి పేర్లు కలిపి పెట్టుకున్నాం కదా, వాడు పోయాక ఎవరి సగం వాళ్ళకి మిగిలింది.

ఆ తర్వాత తినోయ్ ఫ్యాక్టరీ మానేసి, ఓక్లండ్‌లో ఒక బడిలో నేల తుడిచే పనికి కుదిరాడు. మా పాత ఇల్లు యజమాని అమ్మేసుకున్నాడు. అప్పుడే రైలు స్టేషను పక్కన ఈ కొత్త భవనానికి చీటీలు తీస్తే మా పేరు వచ్చింది. ఏ భవనమో తెలుసా? ఆ పెట్టెలదే. వాళ్ళ ఫ్యాక్టరీదే.

చూపించడానికి మేనేజరు వచ్చాడు. బ్రాడ్లీ అని కుర్రాడు, నోరు తెరిస్తే పచ్చదనం. పైకప్పు మీద సౌరపలకలు, వాననీటి తొట్టె, మూడు రంగుల చెత్తబుట్టలు. మేము పచ్చ బ్రాడ్లీ అనే పిలుచుకుంటాం.

"ఈ ఇల్లు భూమిని కాపాడుతుంది మేడమ్," అన్నాడు.

"భూమి సంగతి సరే బాబూ. ఇవి పెట్టెలు కదా, భూకంపం వస్తే సొరుగుల్లాగా బయటికొచ్చేస్తే? భూమి కిందుంటుంది, నేను పైనెక్కడో ఉంటాను!"

మూడు ఇళ్ళు చూపించాడు. రెండో అంతస్తులో తోట వైపుది ఒకటి, బంగారం లాంటి ఇల్లు. మూడో అంతస్తులో ఒకటి. నాలుగో అంతస్తులో పట్టాల వైపు ఒకటి, నాలుగు వందల పన్నెండు. రైలు పోయినప్పుడల్లా గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.

"తోటది," అన్నాను నేను.

"పన్నెండు," అన్నాడు తినోయ్.

"మతి పోయిందా? రైలు వంటింట్లోంచి పోతోందయ్యా!"

"స్టేషను దగ్గర."

"మూడిళ్ళకీ స్టేషను ఒకటే దూరం!"

"గాలొస్తుంది," అన్నాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన నా మాట కాదన్నది అదొక్కసారే. ఆ ఆశ్చర్యంలోనే సంతకం పెట్టేశాను.

సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది తంటా. ఈ భవనానికి కార్లు నిలిపే చోటు లేదు. స్టేషను పక్కనే కాబట్టి ఇంటింటికీ రైలు కార్డులిస్తారు, బదులుగా ఎవరికీ కారు ఉండకూడదు. దాచిపెట్టి దొరికితే ఇల్లు ఖాళీ చెయ్యాలి. రెమ్‌సెల్ కారు నా పేరు మీదే ఉంది, వాడే అలా రాయించాడు. కాబట్టి అమ్మాల్సింది నేను.

అమ్మేద్దామనే వెళ్ళాను. నిజం. తలుపు తీసి లోపల కూర్చున్నాను. కాళ్ళు అందలేదు.

వాడు పొడుగు. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది, వాడు వదిలినట్టే. నేను నాలుగడుగుల పదకొండంగుళాలు. ఆ సీటులో కూర్చుంటే, వాడెంత పొడుగో నా కాలికీ బ్రేకుకీ మధ్య ఖాళీ చెబుతుంది. ఆ ఖాళీని ఎవడికో ఎలా అమ్మను?

అందుకని వీపు వెనక బియ్యం సంచిలో గుడ్డలు కుక్కిన దిండు పెట్టుకుని, సీటు అంచున కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని, బొటనవేలితో బ్రేకు నొక్కుతూ, భవనం వెనక వీధిలో తీసుకెళ్ళి పెట్టాను. ఇంటికొచ్చి కోడికూర వండాను.

ఇక నా దొంగ కాపురం మొదలైంది. ఇక్కడ వీధులు ఊడ్చే బండి వస్తుంది. సోమవారం ఒక పక్క, బుధవారం ఇంకో పక్క, పొద్దున్న ఎనిమిదింటికి. ఆలోగా కారు తీసి ఎదురు పక్కన పెట్టకపోతే జరిమానా చీటీ అంటిస్తారు, దాని నోటీసు తిన్నగా ఇంటికొస్తుంది.

"ఎక్కడికి?" అనేవాడు తినోయ్.

"నడకకి. షుగరు ఉందన్నాడుగా డాక్టరు."

"వారానికి రెండుసార్లు గంటన్నర నడుస్తున్నావు. మరి చీర చుట్టిన డ్రమ్ములా అవుతున్నావేమే?"

"నేను చీర కట్టను!"

"అందుకే డ్రమ్ము కనిపిస్తోంది," అనేవాడు.

నడకెక్కడిది? కారులో కూర్చుని బన్ను తినేదాన్ని. వెనక సీటులో వాడి పని చొక్కా ఉంది. ఇంకా రంపపు పొట్టు వాసన. రోజూ కొంచెమే పీల్చేదాన్ని, అయిపోతుందేమోనని భయం. ఒక్క వెలితి. ఈ తాళం నా దగ్గరుండే రెండోది. వాడి తాళం, సీసా మూతలు తీసే ఇనుప చేప తగిలించి ఉండేది, ఆస్పత్రి వాళ్ళిచ్చిన సంచిలో లేదు. వెతికించాను, అడిగించాను. దొరకలేదు.

ఇంట్లో ఇంకో యుద్ధం. మా వాళ్ళ ఇంట్లో భోజనాల బల్ల ఉందంటే, దాని పక్క గోడకి మనిషంత చెక్క గరిటె, చెక్క ముళ్ళచెంచా వేలాడాల్సిందే. అది లేని ఇల్లు ఇల్లు కాదు, సత్రం. మేకు, సుత్తి తీసుకుని ఫ్రిజ్ పక్క గోడ దగ్గరికి వెళ్ళానో లేదో తినోయ్ పరిగెత్తుకొచ్చాడు. మోకాలి నొప్పి మనిషి, పరిగెత్తి!

"ఆ గోడకి కొట్టకు."

"ఏం?"

"లోపల తీగలుంటాయి. షాకు కొడుతుంది."

నాకు షాకంటే భయమని తెలుసు కదా. "సరే, జిగురుతో అంటిస్తా."

"రంగు పోతుంది."

"పోనీ ఆనించి పెడతా."

"గోడకి బరువు."

"గరిటె బరువు మొయ్యలేని గోడ నాలుగో అంతస్తులో నన్నేం మోస్తుందయ్యా!"

ఆయన కుర్చీ తెచ్చి ఆ గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. అప్పటినుంచి అదే ఆయన చోటు. కాఫీ అక్కడే, జపమాల అక్కడే, కునుకూ అక్కడే. ఆఖరికి గరిటె, ముళ్ళచెంచా చెప్పులరాక్ మీద వేలాడాయి. వచ్చినవాళ్ళు, మేం చెప్పులు వండుకుంటామేమోనని చూసేవారు.

ఈ భవనంలో అంతస్తులన్నీ ఒకే అచ్చు. ఒకరోజు కారు దగ్గరినుంచి కంగారుగా వస్తూ ఒక అంతస్తు ముందే ఆగిపోయాను. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్ళి, బియ్యం కడిగి, గిన్నె పొయ్యి మీద పెట్టి, ఇంతకీ పొయ్యి వెలగదేమిటా అని తిడుతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"అది పక్కన పడేసిన అల్యూమినియం గిన్నె, దానికి ఈ ఇండక్షన్ పొయ్యి వెలగదమ్మా. ఇంతకీ నువ్వెవరు?"

అలా పరిచయం ఎర్లీన్ అక్క. మూడు వందల పన్నెండు. ముప్పయ్యేళ్ళు సిటీ బస్సు నడిపి దిగిన మనిషి. కడిగిన బియ్యం ఎందుకు పారెయ్యాలని ఇద్దరం అక్కడే తిన్నాం. ఆవిడ రోజంతా కిటికీలోంచి వంగి వెనక వీధిని చూస్తూ ఉంటుంది. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఇలా ఉండగా ఒక బుధవారం మర్చిపోయాను. జ్వరం. లేచి గడియారం చూస్తే తొమ్మిది. కాళ్ళకి చెరో రకం చెప్పు వేసుకుని పరిగెత్తాను. అప్పటికే మనసులో చీటీ వచ్చింది, ఇల్లు పోయింది, మేమిద్దరం స్టేషను బెంచీ మీద పడుకున్నాం, నాకు నిమోనియా కూడా వచ్చింది.

వెళ్ళి చూస్తే కారు ఎదురు పక్కన ఉంది. చీటీ లేదు. బుద్ధిగా, అంగుళం తేడా లేకుండా పెట్టి ఉంది.

తలుపు తీశాను. సీటు వెనక్కే ఉంది. దొంగయితే సీటు జరుపుతాడు. పోలీసయితే కారే తీసుకుపోతాడు. సీటు జరపకుండా నడపగలిగిన కాళ్ళు ఈ లోకంలో ఒక్కడివే.

నవ్వకండి. మీరైతే ఏమనుకునేవారు?

సోమవారం వెళ్ళినప్పుడు పక్క సీటు మీద ఎండు మామిడి ముక్కల పొట్లం పెట్టి వచ్చాను. వాడికి ప్రాణం. పోయినవాళ్ళకి తినేది పెట్టడం మా వైపూ ఉంది. బుధవారం కావాలనే ఇంట్లో ఉండిపోయాను. గురువారం వెళితే కారు ఎదురు పక్కకి మారింది. పొట్లం ఖాళీ. కవరు మడిచి, మడిచి, చిన్న త్రికోణం చేసి పెట్టి ఉంది.

వాడు అచ్చం అలాగే మడిచేవాడు.

ఆ రోజు కారులో కూర్చుని ఎంత ఏడ్చానో, ఏడుస్తూనే ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. తిన్నాడు. నా బిడ్డ తిన్నాడు.

ఎర్లీన్ అక్కని మెల్లిగా అడిగాను. "అక్కా, పోయినవాళ్ళు బండి నడపగలరా?"

"ముప్పయ్యేళ్ళు నడిపాను. పొద్దుటి బస్సు నిండా పోయినవాళ్ళలాంటి మొహాలే ఎక్కేవి. ఒక్కడూ నేను నడుపుతానని రాలేదు," అంది. తర్వాత నా మొహంలోకి చూసి ఇంకేం నవ్వకుండా కాఫీ పోసింది.

అప్పటినుంచి సోమవారం నాది, బుధవారం వాడిది. సోమవారం వెళ్ళి మామిడి పెట్టేదాన్ని. బుధవారం వాడే తీస్తాడని దిలాసాగా దుప్పటి కప్పుకునేదాన్ని. రెండేళ్ళలో నేను భయపడకుండా లేచిన పొద్దులంటే ఆ బుధవారాలే.

నెల తిరక్కుండా తినోయ్‌కి మోకాలు వాచింది. ఆ ఆదివారం నుంచి మంచం దిగలేదు. సోమవారం నేను చేసిందల్లా గబగబా వెళ్ళి కారు తీసి ఎదురు పక్కన పెట్టి, కాపడం పెట్టాలని పరిగెత్తుకు రావడమే. చెట్లకి కొత్తగా ఏవో కాగితాలు కట్టి ఉన్నాయి. చదవలేదు.

బుధవారం పొద్దున్న ఏడున్నరకి కిటికీ దద్దరిల్లింది. రైలు కాదు, హారన్లు. వంగి చూస్తే వెనక వీధి చివర ఆకాశమంత క్రేను. మా భవనం వెనక రెండో భవనం పేరుస్తున్నారు. తెల్ల ప్లాస్టిక్కు చుట్టిన పెట్టెని మోస్తూ ఇంత పొడుగు లారీ మూలమలుపులో ఇరుక్కుని ఉంది. దాని వెనక ఇంకో లారీ, దాని వెనక ఇంకోటి. అన్నిటి ముందూ, వీధి మొత్తంలో ఒంటరిగా, ఒకే ఒక్క ఎర్ర కారు.

చెట్లకి కట్టిన కాగితాలు ఇవాళ ఇక్కడ కార్లు పెట్టొద్దనే అన్నమాట. ఈ బుధవారం వాడు రాలేదేం?

"ఏమిటే ఆ గోల?" మంచం మీదనుంచి తినోయ్.

"ఏం లేదు! నేను... చెత్త పారేసి వస్తా."

"నేనూ... మందుల షాపుకెళ్ళొస్తా."

"ఆ కాలితోనా?"

"మందు కాలికేగా."

ఇద్దరం లిఫ్టులో దిగాం. నా చేతిలో ఆకుపచ్చ చెత్తబుట్ట. ఆయన ఒక కాలికి బూటు, ఒక కాలికి కట్టు. కింద దిగాక ఆయన మందుల షాపు వైపు వెళ్ళలేదు, నేను చెత్త గది వైపు వెళ్ళలేదు.

వీధిలో జాతర. పసుపు టోపీల వాళ్ళు ఇరవై మంది. మధ్యలో పచ్చ బ్రాడ్లీ. కారుని ఈడ్చుకుపోయే బండివాడు కొక్కెం దించుతున్నాడు.

"మేడమ్, ఈ కారు ఎవరిదో తెలుసా? మన భవనం వాళ్ళదేనా?"

ఔనంటే ఇల్లు పోతుంది. కాదంటే కారు పోతుంది. నా చేయి చొక్కా జేబులో తాళాన్ని నలిపేస్తోంది.

"ఎవరిదో... పాపం," అన్నాను.

"పాపం," అన్నాడు తినోయ్ పక్కనుంచి. ఆయన చేయి కూడా జేబులోనే ఉంది.

కొక్కెం బండివాడు అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు. "సీటు చాలా వెనక్కుంది. ఎవడో మంచి పొడుగు కుర్రాడే నడుపుతున్నాడు," అన్నాడు.

నడుపుతున్నాడు.

రెండేళ్ళుగా అందరూ నా దగ్గర "నడిపేవాడు, తినేవాడు, నవ్వేవాడు" అనే అంటున్నారు. నా బిడ్డ గురించి "నడుపుతున్నాడు" అన్నవాడు ఈ కొక్కెం మనిషి ఒక్కడే. చెత్తబుట్ట చేతిలోంచి జారిపోయింది. గుడ్డు పెంకులు, అరటితొక్కలు అన్నీ వీధిలో పడ్డాయి.

"మా అబ్బాయిది!" అన్నాను. "మా అబ్బాయి కారు బాబూ. నువ్వు కొక్కెం తీసెయ్యి. ఇల్లు తీసుకోండి, పెట్టె తీసుకోండి, అన్నీ తీసుకోండి!"

తలుపు తీసి లోపల కూర్చుని గడియ వేసుకున్నాను. అటు తలుపు కూడా టక్కుమని తెరుచుకుంది. తినోయ్ కాలు ఈడ్చుకుంటూ ఎక్కి కూర్చున్నాడు. ఆయన చేతిలో తాళం. తాళానికి ఇనుప చేప.

చేపని చూశాను. ఆయన మోకాలిని చూశాను. బుధవారాలు లెక్కపెట్టుకున్నాను.

"నువ్వా?"

"రెండో వారమే చూశాను. స్టేషను నుంచి అడ్డదారిలో వస్తుంటే."

"మామిడి ముక్కలు?"

"నువ్వు తినడానికి పెట్టుకున్నావనుకున్నాను. షుగరు కదా, నీకు మంచిది కాదని తినేశాను."

"ఆ కవరు వాడు మడిచినట్టే..."

"వాడికి మడవడం నేర్పిందెవరు మరి?"

కొట్టాలనిపించింది. కొట్టాను కూడా, భుజం మీద రెండు. తర్వాత అదే భుజం మీద తల పెట్టి ఏడ్చాను. బయట హారన్లు. అద్దం మీద పచ్చ బ్రాడ్లీ వేలు కొడుతున్నాడు.

"నువ్వు సీటెందుకు జరపలేదు? నీ మోకాలు చాపితే ఎంత నొప్పి!"

"నువ్వెందుకు జరపలేదో అందుకే."

"తెలిసీ ఎందుకు చెప్పలేదయ్యా? వాడే వస్తున్నాడనుకున్నాను. వాడు తింటున్నాడనుకున్నాను."

చేతిలో ఇనుప చేపని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నా దగ్గరా ఒకటుంది రెమీ. నీ దగ్గర కారుంది కదా అని ఊరుకున్నా. నా దగ్గర గోడ ఉంది."

"ఏ గోడ?"

"ఫ్యాక్టరీలో గోడకి బోర్డు మూసే ముందు లోపలి చెక్క మీద మా వాళ్ళు పేర్లు రాస్తారు. చివరి వారం వాడు బిగించిన పెట్టె ఒకటుంది. నాలుగో అంతస్తు, పట్టాల వైపు, వంటిల్లు. నంబరు నాకు గుర్తుంది. వాడు రాస్తుంటే నేను పక్కనే పలకలు అతుకుతున్నా."

"ఫ్రిజ్ పక్క గోడా?"

తల ఊపాడు.

"ఏం రాశాడు?"

"'భయపడకండి, గట్టిగానే బిగించాను. మా అమ్మ చెప్పింది' అని. కింద పేరు."

హారన్లు మోగుతూనే ఉన్నాయి. నాకేం వినపడలేదు.

"ఇన్నాళ్ళూ నాతో..."

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? మర్నాడే కత్తిపీట తీసుకుని గోడ చీల్చేస్తావు."

చీల్చేదాన్నే. కాదంటే అబద్ధం.

ముందు లారీ డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు. అద్దంలోంచి ఆ తెల్ల పెట్టెని చూశాను. నేను తాళం తిప్పాను. వీపు వెనక దిండు తీసి వెనక్కి విసిరాను. సీటు కింద కడ్డీ పట్టుకున్నాను.

"జరుపుతావా?" అన్నాడు తినోయ్.

"బ్రేకు అందకపోతే ఆ పెట్టెకి తగిలిస్తాను. అందులో ఎవరి కొడుకు పేరుందో."

కడ్డీ లాగాను. రెండేళ్ళుగా కదలని సీటు కిర్రుమంది. ముందుకి, ఇంకా ముందుకి. కాలు బ్రేకుకి ఆనింది. మెత్తగా, పూర్తిగా ఆనింది. వాడి పొడుగంతా నా వెనక ఉండిపోయింది.

కారు తీసి వీధి చివర పెట్టాను. పెట్టె మా పక్కనుంచి పెళ్ళికూతురిలా మెల్లిగా సాగిపోయింది.

పచ్చ బ్రాడ్లీ వచ్చాడు. ఒంటి మీద ఎక్కడో అరటితొక్క. మా ఇద్దరి మొహాలూ చూసి, చేతిలో కాగితం చూసుకుని, "శుక్రవారంలోగా కారు లేదని కాగితం చూపించండి మేడమ్. నేను ఇవాళ ఏం చూడలేదు," అన్నాడు. కొంతదూరం వెళ్ళి వెనక్కి తిరిగి, "ఆ గుడ్డు పెంకులు మాత్రం ఆకుపచ్చ బుట్టలోకే," అన్నాడు.

కారు ఎర్లీన్ అక్క మేనకోడలికి వెళ్ళింది. నర్సమ్మాయి, బస్సు పోని ఊళ్ళో పని. పొడుగ్గా ఉంటుంది, సీటు మళ్ళీ వెనక్కి జరుపుకుంది. తాళం ఇచ్చేటప్పుడు ఇనుప చేప మాత్రం తీసి ఉంచుకున్నాను.

"నెల రోజులుగా కిటికీలోంచి చూస్తున్నానమ్మా," అంది ఎర్లీన్ అక్క. "సోమవారం పెళ్ళాం, బుధవారం మొగుడు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఇంత వేళకి డ్యూటీ మారిన డ్రైవర్లని నేను చూడలేదు."

"ఒక్కమాట చెప్పచ్చు కదక్కా!"

"పోయినవాళ్ళు నడపగలరా అని అడిగినప్పుడు చెబుదామనుకున్నా. నీ మొహం చూసి నోరు రాలేదు," అంది.

ఇప్పుడు ఫ్రిజ్ పక్క రెండు కుర్చీలున్నాయి. రాసింది సరిగ్గా ఎక్కడో చెప్పమంటే తినోయ్ చెప్పడు. "ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య," అంటాడు. "ఎత్తెంత?" అంటే, "వాడి ఎత్తుకి," అంటాడు. అందుకని గోడ మొత్తం తుడుస్తాను, రోజూ, తడిగుడ్డతో. రంగు పోతుందని ఆయన గోల.

మరి నేను రెమీని కదా. నాలుగో రోజుకే కొత్త భయం పట్టుకుంది. నెల రోజులు నాకు తెలియకుండా కారు తిప్పిన మనిషి, మామిడి తిని నోరు తుడుచుకున్న మనిషి, నన్ను ఊరడించడానికి ఒక గోడ కల్పించలేడా? నేను గుమ్మంలో రోజూ అరిచిన మాటలు ఆయనా విన్నవే కదా. నిజమో కాదో తెలుసుకోవాలంటే గోడ చీల్చాలి. చీలిస్తే, వాడు బిగించింది నా చేత్తో నేనే ఊడబీకినట్టు. ఎంత గట్టిగా బిగించి కూర్చోబెట్టాడో చూడండి మా ఆయన నన్ను!

కత్తిపీట ఒకసారి తీశాను, మీ దగ్గర దాచడమెందుకు. తినోయ్ బడికెళ్ళాడు. గోడ ముందు నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఎనిమిదీ పదిహేను రైలు వచ్చింది. గ్లాసులు గలగలమన్నాయి, పళ్ళేలు మోగాయి, చెప్పులరాక్ మీద గరిటె, ముళ్ళచెంచా ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. అరచెయ్యి గోడకి ఆనించాను.

ఇల్లంతా వణికింది. ఆ గోడ వణకలేదు.

కత్తిపీటతో ఉల్లిపాయలు తరిగాను. కళ్ళనీళ్ళకి ఒక సాకుంటుందని.